నా కంచంలోది నేనే తిన్నాను

రొయ్యలు వలిచే షెడ్డులో ఉన్నట్టుండి నా చేతులు ఆగిపోయాయి. రొయ్య తల తుంచడానికి కూడా వేళ్లలో బలం లేదు. గుండె దడదడలాడింది, కళ్లు బైర్లు కమ్మాయి. అప్పుడు నాకు ఐదో నెల. రొయ్యల మీద పోసే ఐసు ముక్కలు చాటుగా నమలడం అప్పటికే అలవాటైంది. కడుపుతో ఉన్నదాని కోరికలే అనుకున్నాను.

మాది విడవలూరు దగ్గర సముద్రపు ఒడ్డు పల్లె. సముద్రంలో చేపల వేట నిషేధం వల్ల మా ఆయన పడవ ఒడ్డునే ఉంది. ఇంట్లో అన్నం, చారు. అందరూ తిన్నాక గిన్నెలో మిగిలింది నాకు.

పీహెచ్‌సీలో డాక్టరమ్మ నా కింది కనురెప్ప లాగి చూసింది.

"ఐస్ గానీ, పచ్చిబియ్యం గానీ నములుతున్నావా?"

సిగ్గుపడుతూ తలూపాను. రక్తం పరీక్ష చేయించి, ఆ కాగితం చూసి చెప్పింది.

"అది కోరిక కాదమ్మా, జబ్బు. హీమోగ్లోబిన్ సిక్స్ పాయింట్ ఎయిట్. సివియర్ అనీమియా, రక్తం బాగా తక్కువ. అంగన్‌వాడీలో నీకిచ్చే గుడ్లు, పాలు ఎవరు తింటున్నారు?"

ఆ గుడ్లు ఇంటికి తెస్తే మా అత్త వాటిని నా ఆడబిడ్డ పిల్లలకు పెట్టేది. "పిల్లకాయలు చూస్తా ఉంటే నీకెట్ట మింగుడు పడద్దే?" అనేది. నిజమే, మింగుడు పడేది కాదు.

నెల్లూరు పెద్దాసుపత్రికి పంపారు. రక్తం పెరగడానికి ఐరన్ సుక్రోజ్ డ్రిప్ పెట్టిన మొదటిసారే చలి, వణుకు. సిస్టర్ ఆపేసి, కాసేపటికి మెల్లగా ఎక్కించింది. ఇంట్లో మాత్రలు వేసుకుంటే వాంతులు. మళ్లీ పరీక్ష చేస్తే రక్తం కాస్తే పెరిగింది.

"మందు మేము ఎక్కిస్తాం. అన్నం మేము తినిపించలేం కదా!" అని అక్కడి డాక్టరమ్మ కోప్పడింది. "ఇట్లాగే ఉంటే డెలివరీలో కొంచెం రక్తం పోయినా నీ ప్రాణానికే ముప్పు."

బస్సు దిగి ఇంటికి పోలేదు. నేరుగా అంగన్‌వాడీకి వెళ్లాను.

"టీచరక్కా, నా గుడ్డు ఇక్కడే ఉడకేసియ్యి. ఇక్కడే తింటా."

"ఇంటికి తీసకపోయేది గదమ్మా అది?"

"ఇంటికి పోతే అది నాది కాదక్కా."

ఆమె నా ముఖంలోకి చూసి, లేచి స్టవ్ వెలిగించింది. ఆ రోజు నుంచి నేను వెళ్లని రోజు లేదు.

సంగతి తెలిసి అత్త అక్కడికే వచ్చింది. "పిల్లకాయల నోటికాడిది తింటా ఉండావే, సిగ్గులా?"

"లేదత్తా. వాళ్లకి వాళ్ల పేరు మీద ఇక్కడే పెడతారు, తోలుకురా. ఇది నాది, నా బిడ్డది" అన్నాను. గుడ్డు కింద పెట్టలేదు.

అత్త విసురుగా వెళ్లిపోయింది. మర్నాడు మాత్రం పిల్లల్ని తోలుకొచ్చింది. తర్వాత, బిడ్డ క్షేమం కోసం చర్చిలో శుక్రవారం జరిగే ఉపవాస ప్రార్థనకు నన్ను కూడా పస్తుండి రమ్మంది. "ప్రార్థనకి వస్తా, పస్తుండను" అన్నాను. చర్చిలో ఆడవాళ్లు చెవులు కొరుక్కున్నారు. కొరుక్కోనీ అనుకున్నాను.

డెలివరీ నాటికి హీమోగ్లోబిన్ టెన్‌కు వచ్చింది. రక్తం ఎక్కించాల్సిన అవసరం రాలేదు. పాప కాస్త బరువు తక్కువగా పుట్టింది, ఏడుపు మాత్రం వార్డంతా వినపడింది. ఇప్పుడు గోడ పట్టుకుని నడుస్తోంది. నేను మళ్లీ షెడ్డుకు పోతున్నాను.

కడుపుతో ఉన్న చెల్లెళ్లకు ఒకటే చెబుతాను. మీకని ఇచ్చే తిండి ఇచ్చినచోటే కూర్చుని తినేయండి. ఎందుకు తింటున్నావని ఎవరైనా అడిగితే డాక్టరు పేరు చెప్పుకోకండి. ఆకలేసింది, తింటున్నా అనండి.