ఊరికే నడవడానికి వచ్చామండీ

మా పాప మాట్లాడదు. ఇప్పుడు దానికి తొమ్మిదేళ్లు. చెవులు బాగానే వినబడతాయని చూపించిన ప్రతిచోటా చెప్పారు. కానీ పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడదు, రమ్మంటే రాదు, ఎక్కడున్నావంటే పలకదు.

ఏలూరులో మాకు స్టీలు సామాన్ల కొట్టుంది. కొట్టు మీదే ఇల్లు. కింద గిన్నెలు సర్దే మోత, రోడ్డు మీద ఆటోల హారన్లు పొద్దున్నించీ ఉండేవే. ఆ మోత ఎక్కువైనప్పుడు పాప చెవులు మూసుకుని గోడకేసి తల కొట్టుకునేది. నేను గోడకీ తలకీ మధ్య దిండు పెట్టి కూర్చునేదాన్ని. ఒక్కోసారి దిండు పెట్టేలోపే నుదురు చిట్లిపోయేది. రాత్రిళ్లు నిద్ర లేదు, దానికీ లేదు, మాకూ లేదు.

ఒక ఆదివారం పొద్దున్న మా ఆయన విసిగిపోయి, దాన్ని స్కూటర్ మీద ముందు నించోబెట్టుకుని ఎటో వెళ్లిపోయారు. ఎటు వెళ్లారో తెలియక అత్తగారూ నేనూ భయపడుతుంటే, ఎండెక్కాక ఇద్దరూ మోకాళ్ల దాకా బురదతో వచ్చారు. పెదపాడు వైపు వరిచేల దగ్గర దింపితే గట్టు మీద తనంతట తనే నడిచిందట. ఆ మధ్యాహ్నం అన్నం మొత్తం తిని, ఎవరూ పడుకోబెట్టకుండానే నిద్రపోయింది. దాని పక్కన కూర్చుని అత్తగారు కళ్లొత్తుకున్నారు.

అప్పటినుంచి ప్రతి ఆదివారం నలుగురం బయల్దేరేవాళ్లం. ఒక డబ్బాలో పులిహోర, ఒక సీసాలో మజ్జిగ, పాపకి ఒక జత బట్టలు. ఆకివీడు వైపు ఒకసారి వెళ్లి చూశాం గానీ చేపల లారీల హారన్లకి అది రోడ్డు మీదే కూలబడిపోయింది. అందుకని పెదపాడు దాటి లోపలికి, కొల్లేటి వైపు, బళ్లు తిరగని చెరువుగట్ల మీదికి వెళ్లేవాళ్లం. నడుస్తూ నడుస్తూ అది గొంతులోంచి సన్నగా ఒకటే కూనిరాగం తీసేది. మా ఇంట్లో ఎప్పుడూ వినని చప్పుడది. బాగున్నప్పుడే తీసేది.

పల్లెల్లో జనానికి మేం అర్థమయ్యేవాళ్లం కాదు.

"ఎవరింటికండీ?" అని అడిగేవారు.

"ఎవరింటికీ కాదండీ. ఊరికే నడవడానికి వచ్చాం."

"చెరువు గానీ బేరం చేస్తన్నారా అండీ?"

కాదంటే నమ్మేవారు కాదు. మా ఆయన కొట్లో లాగే ఓపిగ్గా నవ్వి, పాపని చూపించి, "దీనికి గాలి మార్పండీ" అనేవారు.

మొన్న చలికాలంలో ఒక ఆదివారం మేం వెళ్లేసరికి మంచు పట్టి ఉంది. సూర్యుడొస్తే విడిపోతుందిలే అనుకుని గట్టెక్కాం. రెండు వైపులా రొయ్యల చెరువులు. నీళ్లలో ఏరేటర్లు, రొయ్యలకి గాలి అందడానికి నీటిని చిలికే మరలు, గడగడా తిరుగుతున్నాయి. ఒకే తీరుగా సాగే ఆ మోతని పాప పట్టించుకోదు. పాప అత్తగారి చెయ్యి పట్టుకుని ముందు నడుస్తోంది. మంచు పలచబడాల్సింది పోయి ఇంకా చిక్కబడింది. ముందున్న అత్తగారి చీర రంగు కూడా సరిగ్గా ఆనడం లేదు.

అంతలో అత్తగారి చెప్పు బురదలో దిగబడిపోయింది. పీక్కోవడానికి వంగారు. పాప చెయ్యి వదిలారు. చెప్పు చేతికి వచ్చేసరికి పాప లేదు.

"అమ్మా! పాప నీ దగ్గరుందా?" అన్నారు అత్తగారు.

నా దగ్గర లేదు. ఆయన దగ్గరా లేదు.

ఆయన ముందుకి పరిగెత్తారు. నేను వెనక్కి పరిగెత్తాను. ఆ గట్టు ఇంకో గట్టులో కలుస్తుంది, అది మరో రెండుగా చీలుతుంది. ఏ గట్టు చూసినా ఒకేలా ఉంది, ఎటు చూసినా పక్కన నీళ్లే. నేను దాన్ని పేరు పెట్టి అరుస్తున్నాను. అరుస్తూనే నాకు తెలుస్తోంది, అది పలకదని. పక్కనే నించుని ఉన్నా పలకదు. నీళ్లలో పడినా అమ్మా అనదు. ఏ తల్లి పిలుపుకైనా ఏదో ఒక అర్థం ఉంటుంది. నాది ఉత్త అరుపు. అయినా ఆపలేకపోయాను, గొంతు పోయేదాకా అరిచాను.

తిరిగి వచ్చేసరికి అత్తగారు చెప్పు చేత్తో పట్టుకుని అక్కడే నించుని ఉన్నారు. "నేనే వదిలేశానమ్మా, నేనే వదిలేశాను" అంటున్నారు. ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. చన్నీళ్లలా ఉంది.

మా అరుపులకి పాకలోంచి చెరువు కాపలా మనిషి దుప్పటి కప్పుకుని వచ్చాడు. పిల్ల సంగతి చెప్పగానే దుప్పటి అక్కడే పడేసి, వెదురుగడ తెచ్చి, చెరువు అంచు వెంబడి నీళ్లలోకి గుచ్చి చూడడం మొదలెట్టాడు. ఆ గడ ఎందుకో నాకు అర్థమైంది. కూర్చుండిపోయాను.

అలా కూర్చున్నప్పుడు తోచింది. అది పలకదు గానీ నడుస్తుంటే కూనిరాగం తీస్తుంది కదా. ఎక్కడైనా తీస్తూ ఉంటే? ఈ మరల మోతలో ఎలా వినబడుతుంది?

"బాబూ, ఏరేటర్లు ఒక్కసారి ఆపండి" అన్నాను.

అతను గడ ఆపి నా వంక చూశాడు. "అమ్మో, ఈ ఏళప్పుడు ఆపితే రొయ్య తేలిపోద్దండి. మంచుకి అసలే గాలందట్లేదండి. మా రైతు ఊరుకోరండి."

"నా బిడ్డకి నోరు తెరిచి పిలవడం రాదండీ. దాని చప్పుడు వినాలి. మీ కాళ్లు పట్టుకుంటాను."

అతను రైతుకి ఫోన్ చేశాడు. ఎత్తలేదు. మళ్లీ చేశాడు. ఎత్తలేదు. ఫోన్ జేబులో పెట్టుకుని, "సరేనండి" అని స్విచ్చుల దగ్గరికి పరిగెత్తాడు. మేమున్న చెరువు మోత ఆగింది. పక్క చెరువుల వాళ్లకి కూడా ఫోన్ చేస్తున్నట్టున్నాడు, "ఒరే, పిల్లరా, కట్టెయ్యండ్రా" అనడం వినిపించింది. కాసేపటికి కుడివైపు ఆగింది. ఆ తర్వాత దూరంగా మరొకటి ఆగింది.

మంచులో ఎక్కడో మా ఆయన కేకలూ ఆగిపోయాయి. అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. మంచు తుమ్మాకుల మీంచి నీళ్లలోకి కారడం వినబడుతోంది. ఎక్కడో కొంగ రెక్కలు కొట్టుకుంది. అంతే. ఇంకేమీ లేదు.

విన్నాం. ఏమీ లేదు. కాపలా మనిషి నీళ్ల వంక చూస్తున్నాడు. అంచున రొయ్యలు పైకొచ్చి టపటపలాడుతున్నాయి. "అమ్మగారండీ..." అన్నాడు, ఎలా చెప్పాలో తెలియక.

"ఇంకొంచెం సేపు. ఒక్క కొంచెం."

అప్పుడు మంచులోంచి మా ఆయన గొంతు, "అదిగో! డ్రెయిన్ వైపు! ఎవరూ మాట్లాడకండి!"

నాకు అప్పటికీ వినబడలేదు. ఆయన వెళ్లినవైపు పడుతూ లేస్తూ వెళ్లాక వినబడింది, సన్నగా, అదే కూనిరాగం. చెరువుల నీళ్లు డ్రెయిన్ కాలవలోకి వదిలే తూము గోడ చివర కూర్చుని ఉంది. కాళ్లు రెండూ నీళ్లలో ఆడిస్తోంది. దాని ముందు పచ్చగా గుర్రపుడెక్క పరుచుకుని, అడుగు పెడితే నేలే అన్నట్టుంది. కింద ఎంత లోతో ఎవరికీ తెలియదు. ఆయన వెనకనించి వెళ్లి నడుం పట్టుకుని ఇవతలికి లాగేశారు.

నేను దాన్ని గుండెలకి అదుముకున్నాను. అది రెండు చేతులతో నన్ను తోసేసింది. గట్టిగా పట్టుకుంటే దానికి గిట్టదు. తోసేస్తున్నా వదలలేకపోయాను. భుజం మీద కొరికింది. మా వెనక ఒక్కొక్కటిగా ఏరేటర్లు మళ్లీ మొదలయ్యాయి.

మర్నాడు మా ఆయన ఆ కాపలా మనిషి దగ్గరికి వెళ్లారు. రొయ్య సంగతి ఎంత అడిగినా "పిల్ల బాగుందా అండీ?" అనే అడిగాడట గానీ ఏమీ చెప్పలేదట.

ఆదివారాలు మానేశాం. తలుపుకి పాప చెయ్యి అందనంత ఎత్తులో గడియ పెట్టించాం. పాప రోజూ పొద్దున్నే తన చెప్పులు చేత్తో పట్టుకుని ఆ తలుపు ముందు నించునేది. మధ్యాహ్నం దాకా అలాగే ఉండేది. ఆ తర్వాత గోడ దగ్గరికి వెళ్లేది. మళ్లీ దిండు, మళ్లీ నుదుటి మీద రక్తం. ఒకరోజు మా ఆయన కొట్టు మధ్యలో మూసేసి పైకొచ్చి, మెట్ల మీద కూర్చుండిపోయారు.

"మనం ఉన్నన్నాళ్లూ ఎక్కడో అక్కడ నడిపిస్తామే. తర్వాత దీన్ని ఎవరు నడిపిస్తారు?" అన్నారు.

అత్తగారు వింటూనే ఉన్నారు.

పోయిన నెల కారు మాట్లాడుకుని కామవరపుకోట వైపు వెళ్లాం. మెరక ప్రాంతం, చెరువుల భయం లేదు. ఎర్రమట్టి బాట, అటూ ఇటూ పామాయిల్ తోటలు, జీడితోటలు. అత్తగారు పాప చెయ్యి పట్టుకోనన్నారు, ఎంత చెప్పినా వినకుండా అందరికంటే వెనక నడిచారు. పాప నాలుగడుగులు వేసి ఆగింది. నీళ్ల కోసం చూసినట్టుంది. కనబడక, బాట మధ్యలో కూలబడి కేకలు పెట్టింది. ట్రాక్టరొకటి ఆగి, వాళ్లు ఏమైందండీ అని అడిగి, ఏం చెయ్యాలో తెలియక పక్కనించి వెళ్లిపోయారు.

ఎత్తుకోబోయిన ఆయన్ని వద్దన్నాను. దాని పక్కనే మట్టిలో కూర్చున్నాను. ఎండ ముదురుతోంది. అత్తగారు కొంగు తీసి దాని నెత్తిమీద నీడ పట్టారు, చెయ్యి తగలకుండా. చాలాసేపటికి కేకలు తగ్గాయి. ఇంకాసేపటికి లేచింది. మేం వెళ్లాలనుకున్న వైపు కాదు, కారున్న వైపూ కాదు. బాట దిగి జీడితోటలోకి నడిచింది. ముగ్గురం దాని వెనకే వెళ్లాం.