వీరాంజనేయులి రోడ్డు

వీరాంజనేయులికి పక్కింటివాడి కొత్త కారు మీద కన్ను లేదు, స్నేహితుడి జీతం మీద ఏడుపు లేదు. ఆయన కుళ్ళంతా ఒక రోడ్డు గురించి. నవ్వకండి మరి. పెళ్ళాన్ని నలుగురి కంటా పడనివ్వని అనుమానపు మొగుళ్ళని చూసే ఉంటారు. రోడ్డుని దాచుకున్న మనిషి మాత్రం ఈయనొక్కడే.

డెబ్భై తొమ్మిదిలో ఆయనకి కాలిఫోర్నియాలో, శాన్ హోజేకి దక్షిణాన, ఒక కౌంటీ రోడ్ల ఆఫీసులో ఉద్యోగం. పని, బళ్ళు లెక్కపెట్టడం. రోడ్డుకి అడ్డంగా ఒక రబ్బరు గొట్టం పరిచి, మేకులు కొట్టి, గట్టు మీద ఒక ఇనప పెట్టెకి తగిలించాలి. బండి వెళ్ళగానే పెట్టెలో టిక్కుమని ఒక అంకె పెరుగుతుంది. వారం తర్వాత వచ్చి ఆ అంకె కాయితం మీద రాసుకోవడమే. కారైనా, ట్రక్కైనా, చివరికి సైకిలైనా ఆ పెట్టెకి ఒకటే.

ఇలా తిరగ్గా తిరగ్గా ఏ రోడ్డు ఎంత ఖాళీయో ఆయనకి తెలిసినంతగా ఆ కౌంటీ షెరీఫుకి కూడా తెలియదు. అలా దొరికిందే బకై కాన్యన్ రోడ్డు. కొండల్లో పద్నాలుగు మైళ్ళు. వారం మొత్తానికి అరవై బళ్ళు, అవీ పశువులు పెంచుకునేవాళ్ళవి.

ప్రతి శనివారం పొద్దున్నే తన పాత సైకిలుని కారు డిక్కీలో పెట్టి, తాడుతో కట్టి, ఆయన అక్కడికి వెళ్ళిపోయేవాడు. శీతాకాలం వానలకి కొండలన్నీ పచ్చగా ఉండేవి. ఏప్రిల్లో నారింజరంగు పూలు విరగబూసేవి. జూన్ వచ్చేసరికి గడ్డంతా ఎండి బంగారు రంగుకి తిరిగేది. మూడు మైళ్ళు ఎక్కుడు. ఎక్కుతున్నంతసేపూ తన ఊపిరి, చైను చప్పుడు, ఎక్కడో ఒక ఆవు అరుపు, అంతే. నాలుగో మలుపులో ఒక ఓక్ చెట్టు, దాని కింద పశువుల నీళ్ళ తొట్టి. అక్కడ కూర్చుని కమలాపండు ఒలుచుకు తినేవాడు. ఆఫీసులో వీరాంజనేయులు అనే పేరు పలకలేక అందరూ వీరూ అనేవారు. ఇక్కడ ఏ పేరూ అక్కర్లేదు. ఈ రోడ్డు నాది అనుకునేవాడు, పైకే అనేవాడు కూడా.

ఎవరికీ చెప్పలేదు. భార్య అనంతలక్ష్మి అడిగితే "అలా కొండల వైపు" అని చెయ్యి ఊపేవాడు.

"నలుగురూ చూస్తే మీ రోడ్డుకేమైనా దిష్టి తగులుతుందా?" అనేది ఆవిడ.

తగులుతుందనే ఆయన నమ్మకం. బళ్ళు పెరిగితే ఆఫీసువాళ్ళు రోడ్డు వెడల్పు చేస్తారు, చేస్తే ఇంకా బళ్ళొస్తాయి. అందుకని ఏటా ఆ రోడ్డు లెక్క వానలు దంచే ఫిబ్రవరిలోనే పెట్టేవాడు. అంతేనా! గొట్టం పరిచి ఉన్న వారం తను వెళితే, అక్కడ సైకిలు దిగి, దాన్ని రెండు చేతులా ఎత్తి, గొట్టం దాటించి, అవతల మళ్ళీ ఎక్కేవాడు. తన టిక్కు కూడా అందులో పడకూడదు. ఎవరైనా చూస్తే ఈ మనిషికి పిచ్చిపట్టిందనుకునేవారు. చూడ్డానికక్కడ ఎవరూ లేరు, అదే కదా ఆయన సంతోషం.

ఇంతలో శ్యామ్‌సుందర్ దిగాడు. హన్మకొండ కుర్రాడు, చిప్పులు చేసే కంపెనీలో ఇంజనీరు. వచ్చిన ఏడాదికే వేలితో ఎత్తగలిగేంత తేలిక సైకిలొకటి కొన్నాడు. రెండో ఏడాదికి వాడి వెనక ప్రతి శనివారం ముప్ఫై మంది, సగం మనవాళ్ళు, సగం అమెరికన్లు. ఎనభై రెండు ఉగాది పార్టీలో వాడు సైకిలు కబుర్లు చెబుతుంటే జనం ప్లేట్లు పట్టుకుని చుట్టూ మూగారు. మూడేళ్ళ నుంచి సైకిలు తొక్కుతున్న వీరాంజనేయులు మూలన నిలబడి పచ్చడి నాకుతున్నాడు. పచ్చడిలో కారం ఎక్కువో, కడుపులో మంట ఎక్కువో ఆయనే చెప్పాలి.

శ్యామ్ ఆయన దగ్గరికే వచ్చాడు. "అన్నా, రోడ్లన్నీ మీకు ఎరుకే కదా. ట్రాఫిక్ లేని రోడ్డొకటి చెప్పుర్రి, మావోళ్ళని తీస్కపోత."

వీరాంజనేయులు ఒక్క క్షణం ఆలోచించాడు. ఆలోచించి, నవ్వుతూ, కంకర క్వారీ రోడ్డు చెప్పాడు! రోజుకి నాలుగొందల ట్రక్కులు. ఆ అంకె తన చేత్తో రాసిందే.

పై శనివారమంతా ఆయనకి పండగే. ఈపాటికి దుమ్ము కొట్టుకుపోయి ఉంటారని ఓక్ చెట్టు కింద కూర్చుని తనలో తనే నవ్వుకున్నాడు. తీరా శ్యామ్ ఆదివారం ఫోన్ చేసి, "థాంక్స్ అన్నా, దారిలో ఒక ముసలామె స్ట్రాబెర్రీలు అమ్ముతాంది, బుట్టెడు తిన్నం, మస్తు మజా వచ్చింది" అన్నాడు. వీరాంజనేయులికి నోట్లో పచ్చివెలక్కాయ పడ్డట్టయింది. నరకానికి పంపినా నవ్వుతూ తిరిగొచ్చేవాణ్ణి ఏం చెయ్యాలి? ఆ పూట అన్నం సయించలేదు.

రెండేళ్ళు గడిచాయి. ఎనభై నాలుగు మార్చిలో ఆఫీసరు హార్లన్ ఆయన్ని పిలిచి ఒక జాబితా చేతికిచ్చాడు. వారానికి వంద బళ్ళు కూడా తిరగని రోడ్లని కౌంటీ వదిలించుకోవాలనుకుంటోంది. పక్క భూముల వాళ్ళకి అప్పజెబితే వాళ్ళు గేటు పెట్టుకుంటారు, తాళం వేసుకుంటారు. జాబితాలో మొదటి పేరు బకై కాన్యన్ రోడ్డు.

"ఐదేళ్ళుగా అరవై దాటలేదు. నీ లెక్కే వీరూ, నీ లెక్క తప్పదు కదా" అన్నాడు హార్లన్ మెచ్చుకోలుగా. "ఏప్రిల్లో ఆఖరిసారి వారం పాటు గొట్టం పెట్టు."

వీరాంజనేయులు జాబితాలో ఆ పేరు మళ్ళీ చదివాడు. వానాకాలం చూసి లెక్కపెట్టిందెవరు? సైకిలెత్తి దాటించిందెవరు? ఎవడో తన్నుకుపోతాడని భయపడి భయపడి, ఆ రోడ్డుకి గేటు తనే తెచ్చిపెట్టాడు.

ఇంటికొచ్చి మొదటిసారి అనంతలక్ష్మికి అంతా చెప్పాడు. ఆవిడ విని, "ఇంకో నలభైయేగా? మీరే అటూ ఇటూ తొక్కెయ్యండి" అంది.

"అది దొంగలెక్కే!"

"ఫిబ్రవరి లెక్క దొరలెక్కా ఏం?"

ఆయన మొహం కందగడ్డ చేసుకుని కూర్చున్నాడు. ఆవిడ టెలిఫోన్ డైరీ తీసి ఎదురుగా పెట్టింది. నిజంగా తొక్కడానికి వచ్చేవాళ్ళు కావాలి, అలాంటివాళ్ళు పాతిక ముప్ఫై మంది ఎవరి వెనక ఉన్నారో ఇద్దరికీ తెలుసు. ఆ నంబరు తిప్పడానికి ఆయనకి రెండు రోజులు పట్టింది. రెండు రోజులూ ఫోన్ పక్కనుంచి వెళ్ళినప్పుడల్లా పళ్ళు నూరాడు. గేటు పెడితే రోడ్డు ఎవరికీ లేదు, శ్యామ్‌కి చెబితే అందరికీ ఉంటుంది. ఎటు చూసినా తనదిగా మాత్రం ఉండదు.

"శ్యామ్, నా దగ్గర ఒక రోడ్డుంది" అని మొదలుపెట్టాడు చివరికి. గొట్టం సంగతి, గేటు సంగతి చెప్పాడు. ఆపైన, "అప్పట్లో ఆ క్వారీ రోడ్డు నీకు కావాలనే చెప్పాను" అన్నాడు.

అవతల నవ్వు. "అది ఆ దినమే ఎరుకైంది అన్నా. ట్రక్కులు లెక్కవెట్టేటాయనకు ట్రక్కుల రోడ్డు తెల్వదా? ఎన్ని గంటలకు రమ్మంటవో చెప్పు."

తిట్టినా బాగుండేది. తెలిసీ థాంక్స్ చెప్పి, రెండేళ్ళు పైకి అనని మనిషి మీద ఎంత కోపమొచ్చిందంటే, వీరాంజనేయులు పొద్దున ఏడింటికని మాత్రం చెప్పి ఫోన్ పెట్టేశాడు.

ఏప్రిల్ శనివారం ముప్ఫై ఒక్కమంది వచ్చారు. ఇంకా గొట్టం ఎక్కకముందే "వావ్" అనడం మొదలుపెట్టారు. ఆ మాట విన్నప్పుడల్లా ఆయన ఒళ్ళు మండింది. పక్కపక్కన వెళితే లెక్క కలిసిపోతుంది, ఒక్కొక్కరే వెళ్ళండని అరిచాడు. టిక్కు, టిక్కు, టిక్కు. వెళ్ళేటప్పుడు ముప్ఫై ఒకటి, వచ్చేటప్పుడు మళ్ళీ ముప్ఫై ఒకటి పడతాయి. తన చెట్టు, తన తొట్టి, తన మలుపు ఎవరెవరివో అవుతున్నాయి. ఇంత ఓర్వలేనితనం తనలో ఉందని ఆయనకే ఆశ్చర్యమేసింది.

అనంతలక్ష్మి మజ్జిగ క్యాను పెట్టుకుని కారులో ముందే పైకి వెళ్ళింది. ఓక్ చెట్టు దగ్గర ఆయన చేరేసరికి ఆవిడ లోయ వైపు తిరిగి నిలబడి ఉంది. కొండ కొండంతా నారింజరంగు.

"ఐదేళ్ళు ఇది మీరొక్కరే చూశారా?" అంది. "నన్నొక్కసారి తీసుకురావాలనిపించలేదా? మనసెలా ఒప్పిందండీ?"

ఆయన మజ్జిగ గ్లాసు పట్టుకుని తల దించుకున్నాడు.

దిగేటప్పుడు అందరికంటే ఆఖరున వచ్చాడు. గొట్టం దగ్గర అలవాటు కొద్దీ సైకిలు దిగి, ఎత్తబోయాడు. అవతల శ్యామ్ నిలబడి ఉన్నాడు. "ఎక్కించు అన్నా. నువ్వు తొక్కలేదా ఏంది? నీదీ లెక్కే" అన్నాడు. వీరాంజనేయులు మళ్ళీ సీటెక్కి గొట్టం మీదుగా పోనిచ్చాడు. టిక్కుమంది. ఆ చిన్న చప్పుడుకి ఎందుకో ఆయన కళ్ళు చెమర్చాయి.

సోమవారం పెట్టెలో నూట ఇరవై ఆరు. గేటు రాలేదు.

తర్వాత ఏటా ఏప్రిల్లో జనం వచ్చారు. ఇది అన్న రోడ్డని శ్యామ్ మొదట్లో అందరికీ చెప్పాడు, పాపం. ఎవరికీ గుర్తుండలేదు. తీసుకెళ్ళేది శ్యామ్ కాబట్టి శ్యామ్ రోడ్డయి కూర్చుంది. వీరాంజనేయులు మాత్రం వెళ్ళడం మానలేదు, శనివారాలు మానేసి బుధవారం సెలవు పెట్టుకుని వెళ్ళేవాడు, అనంతలక్ష్మిని కారులో కూర్చోబెట్టుకుని.

ఎనభై తొమ్మిది దీపావళి పార్టీలో కొత్తగా వచ్చిన ఉదయ్ అనే ఇంజనీరు ఆయన పక్కన కూర్చున్నాడు. "అంకుల్, మీరు సైకిలు తొక్కుతారంట కదా. శ్యామ్ రోడ్డు చూశారా? అసలు ట్రాఫికే ఉండదు. పైన ఒక ఓక్ ట్రీ ఉంటుంది, శ్యామ్‌గారు కనిపెట్టిన ప్లేస్..."

వీరాంజనేయులికి అరికాలి మంట నెత్తికెక్కింది. ప్లేటు పక్కన పెట్టాడు. అటు మూలన శ్యామ్ చుట్టూ ఎప్పటిలాగే జనం మూగి ఉన్నారు.

"ఆ చెట్టు దాటాక దిగుడులో ఇసక ఉంటుంది బాబూ," అన్నాడు, "ముందే బ్రేక్ వెయ్యి."

"అరే, మీరూ వెళ్ళారా అంకుల్?"

"ఆ. ఒకప్పుడు లెక్కపెట్టడానికి వెళ్ళాను."