ముత్యాలమ్మ అడవికి సున్నం వేసిన సంగతి

దీవిలోని రేవు పట్నంలో చలిజ్వరాలకి భయపడి జనం రైలెక్కి, ఎత్తు మీద చల్లగా ఉండే క్యూర్‌పిప్ ఊరికి వచ్చి పడుతున్న రోజులవి. వచ్చిన ప్రతివాడికీ ఇల్లు కావాలి. ఇంటికి చెక్క కావాలి, పొయ్యిలోకి కట్టె కావాలి. ఊరి చివర సర్కారు కాపాడుతున్న అడవి ఒక్క ముక్క మిగిలింది. ఆ ముక్కకి గార్డు సన్యాసి అని సర్కారు అనుకుంటోంది. గార్డు తనేనని అతని పెళ్లాం ముత్యాలమ్మ అనుకుంటోంది.

ఆవిడ అలా అనుకోవడానికి కారణం లేకపోలేదు. సన్యాసి మోకాలు గుమ్మడికాయలా వాచి నెల్లాళ్లుగా మంచం దిగలేదు. ఆ సంగతి పైకి తెలిస్తే ఉద్యోగం పోతుంది, ఉద్యోగంతోపాటు అడవి అంచున ఇచ్చిన గుడిసె కూడా పోతుంది. అందుకని అతని ఇత్తడి బిళ్ల కొంగుకి గుచ్చుకుని పొద్దున్నే ఆవిడే అడవి చుట్టూ తిరిగి వచ్చేది. కట్టెల దొంగలు చెట్టు వెనక దాక్కునేది బిళ్లకి కాదు, ఆవిడ నోటికి. తన నోరు తుపాకీ కంటే మేలని ఆవిడ నలుగురిలోనూ చెప్పుకునేది. అంత గొప్ప లేకుండా ఉంటే ఈ కథ జరిగేదే కాదు.

అలాంటి రోజుల్లో కబురొచ్చింది. గురువారం అడవుల పెద్ద దొర వస్తున్నాడట. ఆ ముక్కని అడవిగానే ఉంచాలా, ఇళ్ల స్థలాలుగా కోసి పంచాలా అన్నది చూసి తేలుస్తాడట. స్థలాలుగా కోస్తే గార్డుతో పనేముంది? గుడిసెతో పనేముంది? రాత్రికి ఆ చెట్ల మీద వాలే పిట్టలతో అసలే పని లేదు.

ముత్యాలమ్మ బుధవారం తెల్లారకుండానే లేచింది. వెదురుబుట్టా చీపురూ తీసుకెళ్లి అడవి దారి ఊడ్చింది. రాలిన ఆకు ఒక్కటి లేకుండా ఊడ్చింది. తర్వాత ఇంటికొచ్చి మూడు బక్కెట్ల సున్నం కలిపింది.

మంచం మీంచి సన్యాసి తల ఎత్తాడు.

"ఏటే, సున్నం ఎందుకే?"

"దొరొత్తన్నాడు గదా. కొంపకి పెద్దమడిసి వత్తే సున్నం ఎయ్యమా?"

"కొంపకేనా?"

"ఆఁ, కొంపకే. నీ మోకాలు నువ్వు సూసుకో."

అది అబద్ధం కాదు. ఆవిడ లెక్కలో అడవి కూడా కొంపే. అమ్మోరి పండక్కి గుడి గోడలకి వేసినట్టే, చెట్టు మొదలుకి నడుమెత్తున తెల్లగా సున్నం పట్టించి, దాని మీద ఎర్రమన్నుతో అడ్డంగా పట్టీ గీస్తే ఎంత లక్షణంగా ఉంటుంది! మొగుణ్ణి ఇంకో మాట అడిగి ఉంటే బాగుండేది. అడిగితే తనకి తెలియనిది ఒకటుందని ఒప్పుకున్నట్టవుతుంది కదా, అందుకని అడగలేదు.

మూడు బక్కెట్లకి అన్ని చెట్లూ రావు. అందుకని చుట్టాలున్న చెట్లు ఏరుకుంది. తొర్రలో పచ్చచిలకలు పొదిగే చెట్టు, నల్లటి మెర్ల్ పిట్ట గూడు కట్టిన చెట్టు, పావురాలు దిగే చెట్టు. దొర కంటికి ముందు అవే పడాలి మరి. సాయంత్రానికి ముప్పయ్యొక్క చెట్లు పెళ్లికొడుకుల్లా నిలబడ్డాయి. ముత్యాలమ్మ నడుం పట్టుకుని, దూరంగా జరిగి చూసుకుని, "ఇంత పనితనం ఈ దేశంలో ఇంకెవత్తికుందిలే" అని తనకి తనే చెప్పుకుంది.

మర్నాడు పొద్దున్న గొడ్డళ్ల చప్పుడుకి మెలకువొచ్చింది.

పరుగెత్తి చూసేసరికి కొత్త వీధిలో ఇళ్లు కట్టే వడ్రంగి మార్సెల్, నలుగురు మనుషులూ అడవిలో ఉన్నారు. వాళ్ల కాళ్ల దగ్గర ఒక చెట్టు నేల మీద పడి ఉంది. ఎర్రపట్టీ అన్నిటికంటే బాగా కుదిరిన చెట్టు అదే.

"ఒరే మార్సెల్! ఎవురి చెట్టనుకున్నావురా, దొంగముండాకొడకా!"

మార్సెల్ టోపీ తీశాడు. మర్యాద తెలిసినవాడు, కూలీల దగ్గర తెలుగూ నేర్చినవాడు. "సర్కారు చెట్టే, మాదామ్ సన్యాసి. సర్కారే గుర్తు పెట్టింది. తెల్లసున్నం ఉన్నవి కొట్టేయమనేగా అర్థం? పోయినేడు రోడ్డు వేసినప్పుడూ ఇంతే. గుర్తున్న చెట్లు కొట్టుకోమని నా దగ్గర కాగితం కూడా ఉంది."

"తెల్లసున్నం..." అంది ముత్యాలమ్మ. తర్వాత మాట దొరకలేదు. నలభై ఏళ్లలో ఆవిడకి మాట దొరకకపోవడం అదే మొదలు.

"దీనికి ఎర్రరంగు కూడా ఉంది," అన్నాడు మార్సెల్. "రెండు రంగులంటే మరీ తొందర కాబోలని దీన్నే ముందు కొట్టాం."

"అన్నిటికీ ఉంది కదరా ఎర్రరంగు!"

"అందుకే గదా నలుగుర్ని తెచ్చాను."

అంతలో గుర్రబ్బండి వచ్చి ఆగింది. దొర దిగాడు, వెనక గుమాస్తా దిగాడు. దొర ఊడ్చిన దారి చూశాడు, తెల్లగా మెరుస్తున్న చెట్లు చూశాడు, పడిపోయిన చెట్టు చూశాడు. మొహం కందగడ్డయింది. ఈ గుర్తులు ఎవరు వేశారు అని అడిగాడు. సర్కారు మాత్రం వేయలేదన్నాడు. గార్డు మార్సెల్‌తో కుమ్మక్కై సర్కారు చెట్లు అమ్మేశాడా అని కూడా అడిగాడు.

గుడిసె లోంచి కర్ర పట్టుకుని కుంటుకుంటూ సన్యాసి వచ్చాడు. చెమటలు కక్కుతున్నాడు. పెళ్లాం మొహం చూశాడు, సున్నం అంటిన ఆవిడ మోచేతులు చూశాడు, అంతా అర్థమైపోయింది.

"నానే ఏసినాను దొరా," అన్నాడు.

నోరు మూసుకుంటే మొగుడికి ఉద్యోగమొకటే పోయేది కాదు, దొంగ అన్న పేరొచ్చేది. నోరు విప్పితే తను మూర్ఖురాలని ఊరంతా తెలుస్తుంది. ఈ రెంటిలో ఏది ఎక్కువ కష్టమో తేల్చుకోవడానికి ముత్యాలమ్మకి కొంచెంసేపే పట్టింది. ఆ కొంచెం పట్టినందుకే ఆవిడ తనని ఇప్పటికీ క్షమించుకోదు.

"అబద్ధం దొరా. ఈయన మంచం దిగి నెలయింది. తిరిగేది నాను, ఊడిసింది నాను, సున్నం ఏసిందీ నానే. నువ్వొత్తన్నావని సింగారించినాను. కొట్టెయ్యమని గుర్తని నాకు తెలీదు. నాకు తెలీనిది ఏటీ లేదనుకున్నాను."

మార్సెల్ దాన్ని ఫ్రెంచిలోకి తిప్పి చెప్పాడు. చివరి మాట దగ్గర అతనికి నవ్వు ఆగలేదు. దొరకి నవ్వు రాలేదు. ఇంత అడవిలో ఈ చెట్లకే ఎందుకు వేశావు అని అడిగించాడు.

"సున్నం సాలక," అంది ముత్యాలమ్మ. "పిట్టలున్నవాటికే ఏసినాను. దీని తొర్రలో చిలకలు. అయి కాపరం పెట్టి మూడో ఏడు. దాని మీద మెర్ల్. అదిగో, ఆ వంకరదాని మీద పావురాలు, రెండు జతలు."

దొర తల ఎత్తి కొమ్మల్లోకి చూశాడు. ఈ ముక్కలో పిట్టలే లేవని, ఊరి పొగకి ఎప్పుడో పోయాయని, స్థలాలు కావాలన్నవాళ్లు అతనికి రాసి ఇచ్చారు. నడువు అని చేయి చూపించాడు. ముత్యాలమ్మ ముందు నడిచింది, వెనక దొర, గుమాస్తా, తిప్పి చెప్పడానికి మార్సెల్, వాళ్ల వెనక పనిలేని నలుగురు గొడ్డళ్లవాళ్లు. ఒక్కో సున్నం చెట్టు దగ్గరా ఆవిడ చెప్పింది, గుమాస్తా రాసుకున్నాడు. ముప్పై చెట్లు. ముప్పయ్యొకటోది పడి ఉంది. దాని దగ్గర గుమాస్తా కలం ఎత్తి ఆగాడు.

"ఇందులో?"

"మెర్ల్ పిట్ట," అంది ముత్యాలమ్మ. గూడు కొమ్మల కింద నలిగిపోయి ఉంది. అక్కడ ఆవిడ ఎవర్నీ తిట్టలేదు. తిట్టడానికి తను తప్ప ఎవరూ కనిపించలేదు.

వెళ్లేముందు దొర ఒక్క హుకుం ఇచ్చాడు. ఆ సున్నమంతా ఆవిడే కడగాలి. కొబ్బరిపీచుతో తొమ్మిది రోజులు రుద్దింది. క్యూర్‌పిప్ దొరసానులు గొడుగులేసుకుని వచ్చి మరీ చూసి వెళ్లారు. చాకలి మిషెలిన్ రోజూ ఆ దారినే పోతూ, "మాదామ్, వచ్చేవారం మా చెట్టు కూడా ఉతుకుతారా?" అనేది. ముత్యాలమ్మ తల ఎత్తకుండా చెట్టు వైపు తిరిగేది. పీచు మాత్రం గట్టిగా రుద్దేది.

రెండు నెలలకి కాగితం వచ్చింది. బళ్లో తెలుగు చెప్పే రామదాసుకి ఫ్రెంచి కూడా వచ్చు, అతన్ని పిలిపించారు. అడవి అడవిగానే ఉంటుందట. సన్యాసి గార్డుగానే ఉంటాడట, కాకపోతే మందలింపు. రామదాసు అక్కడితో మడిచేయబోయాడు.

"కిందంతా సదవరా," అంది ముత్యాలమ్మ. "చెట్లెన్నో, పిట్టలేటో ఎవురు సెప్పినారో ఉండాల గదా? నా పేరు ఎక్కడుంది?"

రామదాసు కాగితంలోకి చూశాడు, సన్యాసి వైపు చూశాడు.

"పేరు లేదత్తా. 'గార్డుగారి మూర్ఖపు భార్య చూపించిన ప్రకారం' అని ఉంది."

ముత్యాలమ్మ కొంగు సర్దుకుని కూర్చుంది.

"నానే గదా. ఇంకోసారి సదువు."