నేను అడవిలోకి తోలిన కొండబల్లి

రాక్షసిబల్లుల బొమ్మల పుస్తకాలు ఇప్పుడు కర్నూలు బస్టాండులో కూడా అమ్ముతున్నారు. పసిపిల్లలు వాటికోసం పేచీపెట్టి నేలమీద పడి దొర్లుతుంటారు. అమ్మలు విసుక్కుంటూనే కొనిస్తారు. నేను మాత్రం మొహం పక్కకు తిప్పుకుని నా బస్సు కోసం చూసుకుంటాను. ఆ జంతువులంటే నాకు భయమేమీ లేదు. సిగ్గు. అటువంటి పుస్తకమే ఒకటి నా చేతికి వచ్చినప్పుడు దానితో నేను చేసిన నిర్వాకం తలచుకుంటే, ఈ వయసులో కూడా ఎవరో చూస్తున్నట్లు తల దించుకుంటాను.

అప్పటికి స్వరాజ్యం రాలేదు. ఆత్మకూరులో ఆడపిల్లల బడికి నన్ను పంతులమ్మగా వేశారు. బడి అంటే ఒకటే గది, దాని వెనక నేను ఉండటానికి ఇంకో చిన్న గది. మూడు తరగతులకూ నేనే. చిన్న వయసులోనే భర్త పోతే కర్నూలులో అన్న ఇంట్లో, వదినె చేతికింద, పొయ్యి ఊదుకుంటూ నాలుగేళ్లు బతికినదాన్ని. ఎట్లాగో ట్రెయినింగు చదివి ఆ పొగలోంచి బయటపడ్డాను. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఏడాది చివర ఇన్‌స్పెక్టరమ్మ వచ్చి బడి చూసి మంచిమాట రాస్తేనే ఉంటుంది, లేకపోతే మళ్లీ వదినె వంటింటికే. ఆ వంటింటికి పోవడం కంటే ఏ బావిలోనో దూకడం నయమని అనుకునేదాన్ని.

నా కోపం సంగతి కూడా చెప్పాలి. అది ఎప్పుడూ ముక్కుమీదే ఉంటుంది. అయినా పిల్లలమీద చెయ్యి చేసుకోకూడదని ఒట్టు పెట్టుకున్నాను. బెత్తం పట్టని పంతులమ్మనని లోలోపల గర్వం కూడా ఉండేది. పెద్ద తరగతుల పిల్లలు ఒక్క మాటకు వినేవాళ్లు. పసితరగతి వాళ్లతోనే చావు వచ్చిపడింది. నాలుగేళ్లవీ ఐదేళ్లవీ పధ్నాలుగు గుంటలు. ఇసుక పోసి అక్షరం దిద్దమంటే, నేను అటు తిరిగి పెద్దవాళ్లకు లెక్క చెప్పేలోగా ఒకతె ఇసుక ఇంకొకతె నెత్తిన పోసేది, ఒకతె మేకపిల్ల వెంట పరుగెత్తేది, ఒకతె గుమ్మంలోనే ఉచ్చపోసేది. సంత నయం.

ఆ రోజుల్లోనే అడవిశాఖ దొర ఒకాయనకు బదిలీ అయింది. దొరసాని పోతూపోతూ తన పిల్లలు చూసి వదిలేసిన బొమ్మల పుస్తకం ఒకటి బడికి పంపింది. పెద్ద పుస్తకం, అట్టల్లాంటి దళసరి కాగితాలు. పేజీకొక జంతువు. ఒకదానికి మెడ వేపచెట్టు దాటి పోయింది, ఒకదానికి వీపు పొడుగునా పలకలు. అన్నిటికంటే భయంకరమైనది రెండు కాళ్లమీద నిలబడి నోరు తెరుచుకుని ఉండేది. ముందుకాళ్లు ఇంతింతే, పళ్లు మాత్రం కొడవళ్లంత. పసిపిల్లల పుస్తకంలో ఇటువంటివి వెయ్యడానికి ఆ తెల్లవాళ్లకు మనసెట్లా వచ్చిందో అనుకున్నాను. కింద ఇంగ్లీషులో రెండేసి ముక్కలు రాసి ఉన్నాయి. నా ఇంగ్లీషు అంతంతమాత్రమే, కానీ ఆ ముక్కలు అర్థమయ్యాయి. మనుషులు పుట్టకముందు ఎప్పుడో ఉండేవట, ఇప్పుడు లోకంలో ఒక్కటి కూడా లేదట. తెలియక చేశానని చెప్పుకునే దారి కూడా నాకు లేదు. తెలుసు.

తెలిసి కూడా ఏం చేశానంటే, పుస్తకాన్ని ఆ నోరు తెరిచిన బొమ్మ పేజీ దగ్గర తెరిచి, పసితరగతికి ఎదురుగా గూట్లో నిలబెట్టాను. "ఇది కొండబల్లి. మన నల్లమల అడవిలో ఉంటుంది. బడిలో వరస తప్పి లేచినవాళ్లెవరో అక్కణ్ణుంచే చూస్తుంది. ఊళ్లోకి రాదు. లేచిన పిల్ల తాలూకు ఎవరు అడవిలోకి పోతే వాళ్లను పట్టుకుంటుంది" అని చెప్పాను. ఆ చివరి మాట ఎందుకు కలిపానో నాకే తెలియదు. ఊళ్లోకి వస్తుందంటే, రాకపోయేసరికి నాలుగు రోజుల్లో భయం పోతుందని తెలివి ఉపయోగించాను కాబోలు. ఛీ, తెలివంటే అదీ.

వేరే ఊరయితే పిల్లలు నవ్వేసేవాళ్లేమో. ఆత్మకూరులో పులి అంటే కథ కాదు. ఎలుగుబంటి మొహం పీకేసిన మనిషి సంతలో కూర్చుని చింతపండు అమ్మేవాడు. అడవిలో అవి ఉన్నప్పుడు ఇది ఎందుకు ఉండదు? పధ్నాలుగుమంది పిల్లలూ ఆ పూటనుంచి కిక్కురుమంటే ఒట్టు. నాకు ప్రాణం లేచివచ్చింది. బెత్తం పట్టకుండా ఎంత బాగా అదుపు చేశానో అని నా భుజం నేనే తట్టుకున్నాను.

మూడో రోజు పొద్దున ఒక పిల్ల తల్లి వచ్చింది. ఆమెకు మొగుడు లేడు. తెల్లవారుజామునే నలుగురు ఆడవాళ్లతో కలిసి నల్లమలకు పోయి ఎండుకట్టెలు ఏరుకొచ్చి ఊళ్లో అమ్ముకుంటే తల్లీకూతుళ్లకు ఆ పూట సంగటి. కూతురికి ఐదేళ్లు. తల్లి చీర కుచ్చిళ్లు రెండు చేతులా పట్టుకుని, ఏడ్చి ఏడ్చి ముక్కు ఎర్రగా చేసుకుని నిలబడింది.

"ఏందమ్మా ఇది? మొన్న ఇసకలోనుంచి లేసినాదంట. నన్ను కొండబల్లి పట్టుకుంటాదని రెండు దినాలుగా అడివికి పోనీయదు. కొట్టినా ఇడ్సిపెట్టదు. యాడికి పోతే ఆడికి ఎంటబడతాది. అట్లాంటిది లేదని నేను చెప్తే నమ్మదు. నువ్వొక్క మాట చెప్పమ్మా, నీ మాటయితే ఇంటాది" అంది.

చెప్పేస్తే ఒక్క నిమిషం పని. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఇన్‌స్పెక్టరమ్మ రావడానికి ఇంకా నాలుగు రోజులుంది. ఈ పిల్లకు చెబితే మిగిలిన పదముగ్గురికీ తెలిసిపోతుంది, మళ్లీ సంత మొదలవుతుంది. ఆమెను పక్కకు పిలిచి ఉన్నదంతా చెప్పాను. నా ఉద్యోగం సంగతి, వదినె సంగతి, అన్నీ. నాలుగు రోజులు ఓపిక పట్టు, తర్వాత నేనే చెప్తాను అన్నాను.

ఆమె నా మొహం చూసింది. "నాలుగు దినాలేనా? సరేలేమ్మా. నీ బతుకు గూడా చూసుకోవల్ల గదా" అంది.

మరి నీ బతుకో అని నేను అడగలేదు. నాలుగు రోజులు వాళ్లు ఏం తిన్నారని కూడా అడగలేదు. పిల్ల కొంగు వదలదు కాబట్టి ఆమె బడి మెట్టుమీదే కూర్చునేది, పిల్ల గుమ్మం పక్కన ఇసుకలో కూర్చుని తల్లిని చూస్తూ దిద్దుకునేది. కట్టెలకు పోయే ఆడవాళ్లు దారిన పోతూ, "ఏమే, నువ్వు గూడా అ ఆలు నేర్చుకుంటాండావా?" అని ఎగతాళి చేసేవాళ్లు. ఆమె నవ్వేసేది. ఎందుకు కూర్చుందో వాళ్లకు ఒక్క మాట చెప్పలేదు.

ఇన్‌స్పెక్టరమ్మ వచ్చింది. కళ్లజోడు, చేతిలో గొడుగు, పక్కన బంట్రోతు. గదిలోకి అడుగుపెట్టగానే ఆగిపోయింది. పసితరగతి బొమ్మల్లా కూర్చుని ఉంది. "నేను ఇన్ని బళ్లు చూశాను కానీ, ఇంత బుద్ధిగా ఉన్న చిన్నపిల్లల్ని ఎక్కడా చూడలేదండీ" అంది. నేను ఉబ్బిపోయాను. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో మెట్టుమీది మనిషి నాకు గుర్తు కూడా లేదు.

ఆవిడ గూట్లోని పుస్తకం చూసి ముచ్చటపడింది. చేతిలోకి తీసుకుని, గుమ్మం పక్కన దగ్గరగా ఉన్న పిల్లనే లేపింది. "ఇదేమిటో చెప్పు పాపా?"

పిల్ల లేచింది. లేవడం కూడా తప్పేమోనని నావైపు చూసి, చేతులు కట్టుకుని, పాఠం అప్పజెప్పినట్లు గడగడా చెప్పేసింది. "ఇది కొండబల్లి. అడివిలో ఉండాది. మేము లేస్తే, అడివికి పోయిన మా అమ్మను తింటాది."

ఇన్‌స్పెక్టరమ్మ మొహంలో నవ్వు పోయింది. "అయ్యయ్యో! ఎవరమ్మా నీకీ మాట చెప్పింది?"

పిల్ల నావైపు తిరిగింది. నోరు తెరిచింది. ఇంకొక్క మాట చాలు.

"నేనే చెప్పినా తల్లీ" అని గుమ్మంలోంచి వినబడింది. తల్లి లేచి నిలబడి ఉంది. "అడివికి నా ఎంట వస్తానంటే, బెదిరిద్దామని చెప్పినా."

ఇన్‌స్పెక్టరమ్మ ఆమెను వదిలిపెట్టలేదు. అందరి ముందరా నిలబెట్టి వాయించింది. పసిదాని మనసులో ఇంత విషం పోస్తావా, కన్నతల్లివేనా, జ్ఞానం కోసం పెట్టిన బొమ్మను పట్టుకుని ఇట్లా చేస్తావా, మీవంటి వాళ్లు మారనంతకాలం ఈ పంతులమ్మలు ఎంత పాటుపడితే ఏం లాభం, అని. ఆమె కొంగు భుజంమీదికి లాక్కుని తల వంచుకుని వింటూ నిలబడింది. నేను సుద్దముక్క చేత్తో పట్టుకుని ఉన్నాను. ఒక్క అడుగు వేసి, చెప్పింది ఆమె కాదండీ, నేను, అంటే అయిపోయేది. నా నోరు పడిపోను, నీళ్లు నమిలాను తప్ప ఒక్క మాట రాలేదు. పైగా ఆవిడ నావైపు తిరిగి, "మీ కష్టం నాకు తెలుసమ్మా" అంటే, చిత్తం అన్నాను. చిత్తం అన్నాను! ఆ మాట ఈనాటికీ చెవుల్లో గింగురుమంటూనే ఉంది.

మంచిమాటలు రాసి, పిల్లలకు ఆ జంతువుల సంగతి వివరంగా చెప్పండని నాకు చెప్పి, ఆవిడ బండెక్కి వెళ్లిపోయింది. నా ఉద్యోగం గట్టెక్కింది.

అప్పుడు చెప్పాను పిల్లలకు. ఇది ఇప్పుడు ఎక్కడా లేదు, ఎప్పుడో చచ్చిపోయింది, నల్లమలలో అసలే లేదు అని. పదముగ్గురూ హమ్మయ్య అనుకుని గోల మొదలుపెట్టారు. ఈ పిల్ల మాత్రం కదలలేదు. దగ్గర కూర్చోబెట్టుకుని మళ్లీ చెప్పాను. అది నన్ను జాలిగా చూసింది.

"నువ్వెప్పుడన్నా అడివికి పోయినావామ్మా?"

"లేదు."

"మా యమ్మ దినామూ పోతాది. ఉండాదని మా యమ్మే చెప్పింది గదా. నీకు గూడా మా యమ్మే చెప్పింటాది."

అంతకుముందు అది పంతులమ్మ చెప్పిన మాట. ఇప్పుడు అడవి తెలిసిన మనిషి, తన తల్లి, అందరి ఎదుటా ఒప్పుకున్న మాట. ఆ పిల్ల దృష్టిలో ఇంక తిరుగు లేదు. మర్నాడు పొద్దున ఆ తల్లి కట్టెల తాడు భుజాన వేసుకుంటే గుక్కపట్టి ఏడ్చింది, కాళ్లకు చుట్టుకుంది. ఇంట్లో ఇంక గింజ లేదని పక్కింటి ఆమె వచ్చి నాకు చెప్పింది. నేను నా డబ్బాలోంచి రెండు శేర్ల జొన్నలు పట్టుకుపోయాను. ఏ మొహం పెట్టుకుని పోయానో ఆ దేవుడికే ఎరుక.

"దానికి నేనే చెప్తాను. మీ అమ్మ కాదు, అబద్ధం చెప్పింది నేనేనని" అన్నాను. అన్నానే కానీ, వద్దంటే బాగుండునని ఎక్కడో లోపల ఉంది.

ఆమె అది కనిపెట్టిందో, తన ఆలోచన తనకుందో. "వద్దమ్మా. నువ్వు అబద్ధం చెప్తావని దానికి తెలిస్తే రేపు నువ్వు చెప్పే సదువు ఏమింటాది? నాకెట్లాగూ రాలేదు, దానికన్నా రావల్ల. అబద్ధం నేనే చెప్పినానని చెప్తాలే. అమ్మ మీద కోపం ఎన్ని దినాలుంటాది?" అంది.

నాకు హాయి అనిపించింది. సిగ్గు సిగ్గంటున్నానే, అన్నిటికంటే పెద్ద సిగ్గు అదే. ఆ మాట విన్నప్పుడు నాకు బరువు దిగిపోయింది.

నా ఎదుటే చెప్పింది. "కొండబల్లీ లేదు, పాడూ లేదు. నేను ఉత్తుత్తికే అబద్ధం చెప్పినా. మీ పంతులమ్మ చెప్పిందే నిజం." పిల్ల చాలాసేపు తల్లి మొహంలోకి చూసింది. తర్వాత కుచ్చిళ్లు వదిలేసి, వచ్చి నా పక్కన నిలబడింది. ఆ రోజు తల్లి అడవికి పోయింది.

అప్పటినుంచి తెల్లవారుజామున అడవికి పోతూ పిల్లను నా గదిలో దిగబెట్టి పోయేది. అదయినా చేస్తానని నేనే అడిగాను. గుమ్మంలో నిలబడి, "పొద్దు వాలకముందే వస్తాలే" అనేది.

"అబద్ధం" అనేది పిల్ల.

కోపంగా కాదు, మామూలుగా. ఎండగా ఉంది అన్నట్లు. "రేపు నీకు బొరుగులు తెస్తా" అంటే అబద్ధం. "ఈ దినం దూరం పోనులే" అంటే అబద్ధం. వారం, నెల, ఏడాది కూడా దాటింది. ఆమె ప్రతిరోజూ చెప్పినట్లే పొద్దువాలేలోగా వచ్చేది. అయినా మర్నాడు అదే మాట. నేను చూస్తూ ఉండేదాన్ని. ఎన్నిసార్లు నాలుక చివరిదాకా వచ్చిందో, అన్నిసార్లూ మింగాను. ఆ పిల్లకు చక్కగా చదువు వస్తోంది, ఇప్పుడు చెడగొట్టడమెందుకని నాకు నేనే సర్దిచెప్పుకునేదాన్ని. చెప్పనేలేదు.

ఒకరోజు బాగా మబ్బు పట్టి ఉంది. తల్లి తాడు చుట్టుకుని బయలుదేరబోతే పిల్ల మొహం చిన్నది చేసుకుంది. "వానొస్తే ఎనక్కి వచ్చేస్తా" అందామె. "అబద్ధం" అంది పిల్ల, కళ్లనిండా నీళ్లతో.

తల్లి నావైపు తిరిగింది. నవ్వింది కూడా. "నువ్వు చెప్పమ్మా, వచ్చేస్తానని. నా మాటయితే అది నమ్మదు."

చెప్పాను. పిల్ల వెంటనే కళ్లు తుడుచుకుని, పలక తీసుకుని కూర్చుంది.