చాటలో పెట్టిన బిడ్డకు బడిలో సీటు

ఆ పొద్దున శీతల్ కాలు ఒక్కచోట నిలవలేదు. ముంబై కామాఠిపురా చర్చి బడిలో కూతురు శ్రావణికి ఇంటర్వ్యూ. ఒకప్పుడు రాళ్లు మోసే తెలుగు కూలీల పిల్లల కోసమే పెట్టిన బడి అది. శీతల్ ముత్తాత దాని గోడలకు రాళ్లెత్తినవాడే. తెలుగు క్లాసులు ఎప్పుడో మూతబడ్డాయి. ఇప్పుడంతా ఇంగ్లీషు, సీటు కోసం పక్క పేట నాగ్‌పాడా నుంచి కూడా ఎగబడుతున్నారు. ఈ గల్లీల్లో ఆడపిల్లను సాయంత్రం దాకా భద్రంగా ఉంచే గేటు అదొక్కటేనని శీతల్ నమ్మకం.

చిక్కల్లా ఏమిటంటే, శ్రావణి శీతల్ బిడ్డ కాదు. అయ్యో, కన్నది శీతలే! ముందు ఇద్దరు పుట్టి పోయారు. మూడోది పుట్టగానే అత్త దాన్ని చాటలో వేసి, వాళ్లుండే వరసగదుల చాల్ వెనక చెత్తకుప్ప మీద పెట్టింది. పక్కగది రత్నాబాయి ఎత్తుకుని, గుప్పెడు నూకలకు తిరిగి శీతల్‌కే అమ్మింది. ఎవరికీ అక్కర్లేని బిడ్డ అనుకుని చావు పక్కనుంచి పోతుందని మనవాళ్ల పాత పద్ధతి. ఇంట్లో పేరు పెంటమ్మ. కన్నతల్లిని ఆ పిల్ల అక్కా అనే పిలుస్తుంది. ఎవరడిగినా శీతల్‌ది ఒకటే మాట, "నాది కాదు, రత్నవ్వ బిడ్డ." నోరు జారితే కొంప మునుగుతుందని ఆమె భయం.

మొగుడు శైలేష్‌కు డ్యూటీ. తోడుగా రత్నాబాయిని తీసుకెళ్లింది, అదే పొరపాటైంది.

"మీ అమ్మ ఎవరు?" పెద్ద సిస్టర్ హిందీలో ముద్దుగా అడిగింది. పిల్ల తడుముకోకుండా రత్నాబాయిని చూపించింది.

సిస్టర్ ముఖం మారిపోయింది. ఈ పేటలో ఎవరి పిల్లలనో ఎవరో తీసుకురావడం ఆవిడ చూడనిదా? "కాగితాలు ఎవరైనా తెస్తారు. ఈ పిల్ల నీ బిడ్డేనా? నీ నోటితో చెప్పు," అంది శీతల్‌తో.

శీతల్ పిల్లను దగ్గరికి లాక్కుంది. అనకపోతే సీటు పోతుంది. అంటే పిల్లే పోతుందేమో!

రత్నాబాయి మోచేత్తో పొడిచింది. "బోల్ నా! నోట్లె మన్ను వడ్డదా? అయిదేండ్ల గండం దాటింది, ఇగ ఏం గాదు."

"నా బిడ్డే," అంది శీతల్. తెలుగులో వచ్చేసింది. మళ్లీ హిందీలో, ఏడుస్తూ, చాట సంగతి కూడా చెప్పేసింది.

సీటు ఇచ్చారు. గేటు దాటినా శీతల్ పిల్ల చెయ్యి వదల్లేదు, టాక్సీ హారన్‌కు కూడా ఉలిక్కిపడింది.

"అక్కా, నీ బిడ్డనైతే ఇన్నొద్దులు ఎందుకు చెప్పలే?"

"నువ్వు బతకాలెనని బిడ్డా."

పిల్ల నడుస్తూ నడుస్తూ ఆగింది. "ఇప్పుడు చెప్పినవ్ గదా. మరి నాకేమైతది?"

శీతల్ నడిరోడ్డు మీదే పిల్లను చంకనేసుకుని, రత్నాబాయి పిలుస్తున్నా ఆగకుండా, ఇంటివైపు ఉరికింది.