వైరు పెట్టని సెంటర్ స్పీకర్

దయ్యం అనే మాట వింటే నాకు భయం కంటే ముందు చిరాకు వచ్చేది. మా బంధువుల్లో ఎవరైనా ఇంట్లో ఏవో గొంతులు వినబడుతున్నాయంటే, పక్కింటి టీవీ అయి ఉంటుంది చూసుకోండి అనేవాణ్ణి. శబ్దం ఉందంటే దానికి కారణం ఉండి తీరాలి. అది నా నమ్మకం మాత్రమే కాదు, నా గొప్ప కూడా. అందుకే ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. నిజానికి ఆ సిగ్గులో దయ్యాల వాటా చాలా తక్కువ.

మేం తిరువళ్ళూరులో అద్దె ఇంట్లో ఉంటాం. ఆఫీసు పని అయ్యాక నాకున్న ఒకే పిచ్చి హోమ్ థియేటర్. మామూలు సంసారులు కొనగలిగే స్పీకర్లు తెప్పించి, విని, బాగోగులు ఒక వాట్సాప్ గ్రూపులో రాస్తాను. ఇంట్లో తెలుగే మాట్లాడినా, నాకు రాయడం తమిళంలోనే సులువు. ఇది మాత్రం ఇంటి సంగతి కాబట్టి, తప్పులున్నా తెలుగులోనే రాస్తున్నాను.

మా మామ, అంటే నా భార్య కవిత నాన్న, మాతోనే ఉంటారు. ఆయన పొదటూరుపేటలో పవర్‌లూమ్ మగ్గాల హోరులో జీవితమంతా పనిచేసి చెవులు పోగొట్టుకున్నారు. చప్పుడు వినబడుతుంది కానీ మాట విడివడదు. అందరూ నవ్వాక నవ్వుతారు. చెవి మిషను పెడితే తల తిరుగుతోందని తీసి పెట్టేశారు. అత్త పోయాక కూతురి ఇంటికి వచ్చి ఉండాల్సి వచ్చిందని ఆయనకు లోపల నామోషీ. అందుకే ఊరికే కూర్చోరు. నీళ్ళు పడతారు, ఆకుకూర ఒలుస్తారు, పొద్దున్నే టీవీ స్టాండు తుడుస్తారు.

"మా నాయన ఒక్క సినిమా అయినా మాటలతో చూస్తే సాలు" అని కవిత ఎన్నాళ్ళుగానో అంటోంది.

హోమ్ థియేటర్‌లో పాత్రల మాటలు దాదాపు అన్నీ వచ్చేది టీవీ కింద మధ్యలో పెట్టే సెంటర్ స్పీకర్ నుంచే. పాటలు, వాన, కార్ల చప్పుడు పక్క స్పీకర్లు చూసుకుంటాయి. తక్కువ ధరలో మాటలు స్పష్టంగా వచ్చే సెంటర్ స్పీకర్ దొరికితే మామకు పనికొస్తుందని, గ్రూపులో రాయడానికి నాకూ ఒక వస్తువు అవుతుందని ఒకటి తెప్పించాను.

అది శనివారం పొద్దున వచ్చింది. స్టాండు మీద పెట్టి పెట్టెలోంచి వైరు తీయబోతుంటే కవిత ఆపింది.

"ఉండండి, రాహుకాలం పోనీండి. బొట్టు పెట్టి పెట్టేస్తాను, కరెంటు పని తర్వాత సేసుకోండి" అంది.

నాకు వీటి మీద నమ్మకం లేదు. అయినా కొత్త వస్తువు దగ్గర ఆమెతో వాదన ఎందుకని ఊరుకున్నాను. ఆమె స్పీకర్‌కు పసుపు, కుంకుమ పెట్టింది. నేను స్పీకర్లన్నిటికీ సౌండు పంచే రిసీవర్‌లో సెంటర్ స్పీకర్ ఉన్నట్టు సెట్టింగు మార్చాను, టీవీ సొంత గొంతు ఆపేశాను. అంతలో మెయింటెనెన్స్ అని కరెంటు తీసేశారు. మళ్ళీ కరెంటు వచ్చేసరికి భోజనాలైపోయాయి. వైరు పెట్టేశాననే అనుకున్నాను.

సినిమా వేశాను. కోర్టు సీను. బయట వాన, లోపల వాదన. వానను చీల్చుకుని ఒక్కో మాట వచ్చింది. వంటింట్లోంచి కవిత, "ఎవరది, అంత ఏడస్తా ఉండారు?" అని తొంగి చూసింది. మామ కుర్చీలో ముందుకు వంగారు.

"ఒగో మాటా ఇడిగా ఇనబడతా ఉండాది నాయనా" అన్నారు.

పెదాలు చూసి చెబుతున్నారేమో అనుకున్నాను. కానీ ఆ సీనులో ఒక ఫోను వస్తుంది. అవతలి మనిషి తెర మీద కనబడడు, గొంతు మాత్రమే. ఆ గొంతు ఏమందో కూడా మామ రాత్రి భోజనాల దగ్గర కవితకు చెప్పారు. అందరికంటే ముందే నవ్వారు. కవిత కళ్ళు తుడుచుకుంది. నేను ఛాతీ విరుచుకుని గ్రూపులో రాసేశాను, ఈ ధరకు ఇంతకంటే స్పష్టమైన గొంతు దొరకదని.

మర్నాడు తిరుత్తణి నుంచి మా బావ వచ్చాడు. మా అక్క మొగుడు. కొత్తగా హాలు కట్టుకున్నాడు, నేను రాసింది చదివి స్పీకర్ వినడానికి వచ్చాడు. అదే సీను వేశాను. వాన వచ్చింది, ఉరుము వచ్చింది, మాట రాలేదు. లాయరు నోరు తెరుస్తున్నాడు, మూస్తున్నాడు.

"ఏం బాలాజీ, మూకీ సినిమాకా నన్ను రమ్మనింది?" అన్నాడు బావ.

సౌండు పెంచాను. వాన పెరిగింది. వంగి వెనక్కి చూస్తే సెంటర్ వైరు వేలాడుతోంది. బావ ముందు నా పరువు పోయినట్టయింది. స్టాండు తుడిచేది ఎవరు? ఒక్కరే గదా. మామ చెవి దగ్గరికి వెళ్ళి అరిచాను, వైరు మీరు లాగినారా అని.

ఆయన నన్ను చూశారు. బావను చూశారు. వైరును చూశారు.

"అవును నాయనా. తుడిసేటప్పుడు నేనే లాగినట్టుండాను. తప్పయిపోయింది" అన్నారు.

అక్కడైనా ఆగాల్సింది. ఆగలేదు. "మీకెట్లాగూ వినబడదు, వినేవాళ్ళకైనా ఉండనీయండి" అన్నాను. అది కూడా అరిచే అన్నాను.

వైరు పెడదామని స్పీకర్‌ను తిప్పాను. వైరు దూర్చే రెండు రంధ్రాల్లో, ఫ్యాక్టరీలో పెట్టిన ఎర్ర మూత, నల్ల మూత అలాగే బిగించి ఉన్నాయి. వైరు కొసల తొక్క కూడా ఒలవలేదు. అంటే ఎవరూ లాగలేదు. నేను అసలు పెట్టనేలేదు.

మరి శనివారం విన్న మాటలు ఎక్కడివి? కానీ ఉన్నదున్నట్టు చెప్పాలంటే, అప్పుడు నేను దయ్యం గురించి ఆలోచించలేదు. బావకు కనబడకుండా వీపు అడ్డం పెట్టి, ఆ మూతలు పీకి చొక్కా జేబులో వేసుకున్నాను. తొక్క ఒలిచి వైరు పెట్టాను. మాట వచ్చింది. "సూపర్‌గా ఉండాదే" అన్నాడు బావ. మామ మాత్రం మేం నవ్వాక నవ్వారు.

ఆ తర్వాత వైరు తీసి, పెట్టి, అన్ని రకాలుగా చూశాను. తీస్తే ఒక్క మాట రాదు. టీవీ గొంతు ఆపే ఉంది. పక్క స్పీకర్లలోకి మాటలు వెళ్ళే సెట్టింగూ లేదు. శనివారం ఏం విన్నావని కవితను అడిగితే, లాయరు మాటలు వరసగా ఒప్పజెప్పింది. ముగ్గురం విన్నాం. దేనిలోంచి విన్నామో తెలియదు.

వైరు పెట్టాక మామకు మళ్ళీ ఏ సినిమాలోనూ ఒక్క మాట విడివడలేదు. స్టాండు తుడవొద్దని కవితే ఆయనకు చెప్పింది, నాకు కోపం వస్తుందని. ఇప్పుడు హాల్లోకి రమ్మంటే, "నేను తాకనులే" అని వరండాలోనే కూర్చుంటారు.

క్షమాపణ చెప్పాలంటే అరిచి చెప్పాలి. మెల్లగా చెబితే ఆయనకు వినబడదు, అరిస్తే కవితకు, పక్కింటివాళ్ళకు వినబడుతుంది. ఆయన్ను తిట్టేటప్పుడు ఈ లెక్క నాకు అడ్డం రాలేదు.

మొన్న ఒక మధ్యాహ్నం ఆయన వరండాలో అటు తిరిగి మునగాకు దూస్తున్నారు. నేను వెనక నిలబడి, నాకే సరిగా వినబడనంత మెల్లగా, "మామా, వైరు మీరు లాగలేదు, నేనే పెట్టలేదు" అన్నాను. పిరికివాడి క్షమాపణ. అనేశానని మనసుకు చెప్పుకోవడానికి.

ఆయన తల తిప్పలేదు. ఆకు దూస్తూనే అన్నారు, "తెలుసులే నాయనా. బావ ముందర నీకు తలవంపులెందుకని అట్ల సెప్పినా."

ముందుకు వచ్చి, మీకు వినబడిందా మామా అని మామూలు గొంతుతో అడిగాను. ఆయన చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని నా ముఖంలోకి చూశారు.

"ఏం నాయనా? గెట్టిగా సెప్పు" అన్నారు.

ఆ శనివారం మేం ముగ్గురం ఏం విన్నామో, ఆ మధ్యాహ్నం ఆయన ఎట్లా విన్నారో నాకు ఇప్పటికీ అంతుబట్టలేదు. గట్టిగా చెప్పమని ఆయనే అడిగారు. కవిత లోపల గదిలో ఉంది. నేను, "ఏం లేదు మామా" అన్నాను.