ఒక్కటీ తినకుండా ఊరి రుచులన్నీ చెప్పేదాన్ని

మా చిన్నతనంలో గద్వాలకు కొత్తగా ఎవరొచ్చినా "ఈ ఊర్లె ఏం తినాలె, ఏడ తినాలె?" అని నన్నే అడిగేవాళ్ళు... తొమ్మిదేళ్ళ పిల్లని! సంస్థానం రోజుల మాట. ఇప్పుడు తొంభై దాటాయి నాకు. నేను చెబుతుంటే మా మనుమరాలు టైపు చేస్తోంది, తప్పులుంటే దాన్నే తిట్టండి.

కోట దర్వాజ దగ్గర జొన్నరొట్టె, పుంటికూర... స్టేషన్ తొవ్వలో మిరపకాయ బజ్జీలు... మా వీధి మలుపులో ఖాసింబీ ఉగ్గాని. బొరుగులు నానబెట్టి, గట్టిగా పిండి, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, పసుపుతో తాలింపు పెట్టి, పైన పుట్నాల పొడి చల్లేది. ఏది ఎంత కారం, ఏది ఏ పూట వేడివేడిగా దొరుకుతుంది, అన్నీ నాకు నోటికొచ్చు.

అసలు సంగతి చెప్పనా? వాటిలో ఒక్కటంటే ఒక్కటి అప్పటికి నేను తిని ఎరుగను!

మాది మగ్గాల ఇల్లు. మా అవ్వ, అంటే నాయిన వాళ్ళమ్మ, మహా నిష్ఠ మనిషి. బజారు ముద్ద మా గడప తొక్కకూడదు. ఖాసింబీదీ అవ్వదీ నలభై ఏళ్ళ స్నేహం. "వదినె" అంటే "వదినె" అని పిలుచుకునేవాళ్ళు. ఖాసింబీకి జ్వరమొస్తే అవ్వే పోయి పక్కన కూర్చునేది. ఆమె చేతి వంట మాత్రం... ఊహూ, ముట్టేది కాదు. ఆ రోజులట్లాంటివి. తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

వద్దంటే ఇంకా తెలుసుకోవాలనిపించదూ! ఉగ్గాని తిని మూతి తుడుచుకుంటూ వచ్చే ప్రతివాళ్ళనూ ఆపేదాన్ని. "ఎట్లుండె? మెత్తగుండెనా? పుల్లగుండెనా?" అని ప్రాణం తీసేదాన్ని. అట్లా అడిగి అడిగి పోగుచేసుకున్న తెలివే నాదంతా.

ఒకరోజు పొద్దున బండికి హైదరాబాదు నుంచి షావుకారు దిగాడు, చీరల కోసం. ఆ పూటే మేము వీధి పొడవునా తెల్లటి నూలు పడుగు సాగదీసి గంజి పెడుతున్నాం. గంజి మొదలుపెడితే మధ్యలో ఆపడానికి లేదు, ఆరిపోతుంది. షావుకారేమో ఆకలి మీదున్నాడు.

"బిడ్డా, షావుకారును జర బజారుకు తోల్కపో. గంతల మా పని అయిపోతది" అన్నాడు నాయిన, చేతిలో కుంచె ఆపకుండానే.

తోలుకుపోయాను. ఒక్కోచోట ఆయన తినకముందే రుచి చెప్పేసేదాన్ని. ఆయన తిని తలాడించేవాడు. చివరికి ఖాసింబీ అరుగు మీద కూర్చుని, "అచ్చం నువ్వు చెప్పినట్లే ఉన్నది! మరి ఈ మూడింట్ల నీకేది ఇష్టం?" అని అడిగాడు.

"తెల్వదు. నేనేదీ తినలే."

ఆయన నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది. తేరుకుని, ఉగ్గాని ఆకులో పొట్లం కట్టించి నా చేతిలో పెట్టాడు.

"ఇంటికి తీస్కపోకు బిడ్డా, ఈడనే తిను. మీ అవ్వ చూసిందంటే నన్ను గూడ తిడ్తది" అంది ఖాసింబీ.

అక్కడ తింటే చూసినవాళ్ళు అవ్వకు చాడీలు మోయరూ? పొట్లం ఒడిలో దోపుకుని, దొడ్లో దాక్కుని తిందామని పరుగెత్తాను. సరిగ్గా గుమ్మం దగ్గర అవ్వ కేక.

"ఏడ వోయినవే! ఆ గంజికుండ మీ నాయినకు అందియ్యి!"

వంగాను. పొట్లం జారి గంజిలో బుడుంగుమంది! చెయ్యి పెట్టి దేవితే ఆకు వచ్చింది గానీ ఉగ్గాని రాలేదు. అప్పుడైనా నోరు విప్పానా? కలిపేస్తే ఎవరికి తెలుస్తుందిలే అని కర్రతో గిరగిరా తిప్పి ఇచ్చేశాను. పసుపు సంగతే మరిచాను...

నాయిన కుంచె ముంచి ఒక్క లాగు లాగాడు. తెల్లటి పడుగు మీద మూరెడు పసుపు చార! దాని మీద ఉల్లిగడ్డ ముక్కలు!

"ఇదేందే!" అని నాయిన చెయ్యెత్తాడు. అవ్వ అడ్డమొచ్చింది. "పిల్లను కొట్టకు. పసుపుకు ఎండే మందు. తడిపి వదిలెయ్, పోతది." షావుకారు పాపం, వెనకే వచ్చి, ఉగ్గాని కట్టించింది తనేనని, తప్పంతా తనదేనని ఒకటే మొత్తుకున్నాడు.

మధ్యాహ్నం పడుగుకు మేకలు తగలకుండా అవ్వా నేనూ కాపలా కూర్చున్నాం. వీధిలో ఎవరూ లేరు. అవ్వ అటూ ఇటూ చూసి, ఆ పసుపు దారాల మీదికి వంగి వాసన చూసింది... చాలాసేపు చూసింది.

"తిన్నవానే?"

"లేదవ్వా."

"ఒక్క బుక్క గూడ?"

"నీ తోడు."

గొంతు తగ్గించి అడిగింది. "ఎట్లుంటదంట?"

నాకు తెలిసిందంతా చెప్పాను. కళ్ళు మూసుకుని విన్నది. "నలభై ఏండ్లాయె... వదినె చేతి రుచేందో తెల్వకపాయె" అంది.

"తెచ్చిపెట్టనా అవ్వా? ఎవ్వరికీ చెప్ప."

"వద్దు బిడ్డా... నలుగురేమంటరు" అని కొంగుతో కళ్ళొత్తుకుంది. చార రెండు రోజుల్లో ఎండకు పోయింది. మరుసటేడు అవ్వ పోయింది.

నాకు పెళ్ళయి, ఇంటి పెత్తనం చేతికొచ్చాక, ఏటా పెత్రమాసకు పెద్దలకు పెట్టే విస్తట్లో అవ్వ కోసం ఉగ్గాని పెడుతున్నాను. మొన్న మనుమరాలు అడిగింది, "మీ అవ్వకు ఉగ్గాని అంత ఇష్టమా?" అని. ఏం చెప్పను తల్లీ... తెలియదు.

ఇప్పుడు ఏ ఊళ్ళో ఏం తినాలో ఫోనే చెబుతుంది, తినొద్దనే నలుగురూ లేరు. అవ్వే లేదు. మీ ఇళ్ళల్లో కూడా తినాలని ఉండీ తినకుండా పోయినవాళ్ళుంటారు... వాళ్ళ విస్తట్లో మీరేం పెడతారో నాకు చెప్పండి.